కొత్త బాయిలర్ పెట్టాక ఊక మిగలడం ఎందుకు ఆగిపోయింది?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు, రోజుకు 80 టన్నుల వడ్లు. పాత 3 టన్నుల బాయిలర్ (అంటే గంటకు 3 టన్నుల ఆవిరి ఇచ్చేది) తీసేసి 5 టన్నుల ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్ (కింద నుంచి గాలి కొట్టి ఆడించే ఇసుక మంచం మీద ఊక కాల్చేది) పెట్టారు. కంపెనీవాళ్లు ఎఫిషియెన్సీ 80 శాతం అని రాసిచ్చారు. పాతదానికి రోజుకు 15 టన్నుల ఊక సరిపోయేది, ఒకటో రెండో టన్నులు అమ్ముకునేవాళ్లు. ఇప్పుడు 17 టన్నులూ పొయ్యిలోకే పోతోంది. పైగా కరెంటు బిల్లు పెరిగింది. "కంపెనీ నన్ను మోసం చేసిందా?" అని అడుగుతున్నారు.

చేసి ఉండొచ్చు. కానీ కొట్లాటకు పోయే ముందు ఒక చిన్న పని చేయండి. నేను బాయిలర్ అటెండెంట్‌గా మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లుగా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, మహబూబ్‌నగర్ వైపు మిల్లుల్లోనే తిరుగుతున్నాను. ఇలాంటి ఫిర్యాదు మీద పోయిన చోట ఎక్కువసార్లు బాయిలర్ బాగానే ఉండేది. తప్పు దాని ముందో వెనకో దొరికేది.

ముందు ఆ 80 శాతం అంటే ఏమిటో చూద్దాం. ఊకలో ఉన్న వేడిలో ఎంత భాగం ఆవిరిలోకి వచ్చింది అన్నదే ఆ లెక్క. ఆ ఆవిరిని మీరు ఏం చేశారు, ఎంత కారిపోయింది, ఎంత నీళ్లయి మోరీలో కలిసింది అనేది అందులో లేదు. ఇంకో సంగతి. ఆ అంకె పూర్తి లోడ్ మీద, ఎండిన ఊకతో, బాగా మెత్తబరిచిన నీళ్లతో, కంపెనీ ఇంజినీరే పక్కన నిలబడి గాలి సరిచూస్తుంటే వచ్చేది. మీ దగ్గర రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో ఉన్న అటెండెంట్ నడుపుతుంటే వచ్చేది కాదు.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, ఫీడ్ వాటర్ లైనుకు, అంటే బాయిలర్‌లోకి నీళ్లు పోయే పైపుకు, ఒక మీటర్ పెట్టించమని. లక్షలు పోసి బాయిలర్ కొన్నవాళ్లు కొన్ని వేలు పెట్టి మీటర్ కొనరు, ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు. బాయిలర్‌లోకి పోయిన నీళ్లే ఆవిరి అవుతాయి కదా. రోజూ ఎన్ని టన్నుల నీళ్లు పోయాయి, ఎన్ని టన్నుల ఊక కాలింది, ఈ రెండూ రాసుకుని భాగిస్తే కిలో ఊకకు ఎన్ని కిలోల ఆవిరి వచ్చిందో తెలిసిపోతుంది.

ఊకలో కిలోకు సుమారు 3,000 కిలో కేలరీల వేడి ఉంటుంది. 30 డిగ్రీల నీటిని 10 కిలోల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు) మీద ఆవిరి చేయడానికి కిలోకు దాదాపు 634 కిలో కేలరీలు కావాలి. ఆ లెక్కన 60 శాతంతో నడిచే పాత బాయిలర్‌కు కిలో ఊకకు 2.8 కిలోల ఆవిరి రావాలి. 75 శాతంతో నడిచే కొత్తదానికి 3.5 రావాలి. అంటే మీ పాత బాయిలర్ 15 టన్నులతో రోజుకు 42, 43 టన్నుల ఆవిరి ఇచ్చి ఉంటుంది. ఇప్పుడు మీటర్ చూసి 58 టన్నుల నీళ్లు పోయాయని తేలితే, 58ని 17తో భాగించండి, 3.4 వస్తుంది. బాయిలర్ చెప్పిన మాట నిలబెట్టుకున్నట్టే. మిగతా 15 టన్నుల ఆవిరి మీ మిల్లే మింగుతోంది. అలా కాక మీటర్ 44 దగ్గరే ఆగితే 2.6 వస్తుంది, అప్పుడు కంపెనీవాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. బ్లోడౌన్‌లో, అంటే బాయిలర్‌లో ఉప్పు పేరుకోకుండా బయటికి, వదిలిన నీళ్లు కూడా ఈ మీటర్‌లో కలిసే వస్తాయి కాబట్టి, అది ఎంత వదులుతున్నారో విడిగా అంచనా వేసి తీసేయాలి.

మీటర్ వచ్చేలోపు అనుమానాలు ఒక్కొక్కటే చూద్దాం. మీ విషయంలో నాకు మొదటి అనుమానం కండెన్సేట్ మీద, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ నీళ్లయ్యేదాని మీద.

బాయిల్డ్ మిల్లులో ఆవిరి మూడు చోట్లకు పోతుంది: నానబెట్టే నీళ్లు కాచడానికి, వడ్లకు ఆవిరి పట్టడానికి, డ్రయర్‌కు. అన్నిటికంటే ఎక్కువ తినేది డ్రయర్. టన్ను వడ్లు నాని 32 శాతం తేమకు వచ్చాక మళ్లీ 14కు తేవాలంటే 265 కిలోల నీళ్లను గాలిలోకి పంపాలి, అది తేలిక పని కాదు. మొదటి రెండు చోట్ల ఆవిరి నేరుగా నీళ్లలో, వడ్లలో కలిసిపోతుంది, తిరిగి రాదు. డ్రయర్ కాయిల్‌లో మాత్రం ఆవిరి చల్లబడి శుభ్రమైన వేడినీళ్లుగా బయటికి వస్తుంది. అది ఫీడ్ ట్యాంకుకు తిరిగి రావాలి. ఫీడ్ వాటర్ 6 డిగ్రీలు వేడెక్కితే ఊక ఒక శాతం తగ్గుతుందని మా వాళ్ల లెక్క. 85 డిగ్రీల నీళ్లు వచ్చే చోట 30 డిగ్రీల బోరు నీళ్లు పోస్తే 9 శాతం అక్కడికక్కడే పోయినట్టు.

రెండేళ్ల కింద వేములపల్లి వైపు ఒక మిల్లుకు పోయాను. మీ కథే. పాత బాయిలర్ డ్రయర్ పక్కనే ఉండేది, కొత్తదాన్ని జాగా లేక షెడ్డు వెనక కట్టారు. ఫీడ్ ట్యాంకు నేల మీద పెట్టారు. కాయిల్ నీళ్లు మోరీలోకి పోతున్నాయి, మోరీ పొగలు కక్కుతోంది. ఎందుకు కోసేశారని అటెండెంట్‌ను అడిగితే, "వేడి నీళ్లయితే పంపు పడ్త లేదు సార్, చల్ల నీళ్లయితేనే లాగుతది" అన్నాడు. అతని మాట నూటికి నూరుపాళ్లు నిజం. బాగా వేడెక్కిన నీళ్లు పంపు నోటి దగ్గర ఆవిరి బుడగలవుతాయి, పంపు గొణుగుతుంది, నీళ్లెత్తదు. ఫిట్టర్లు దానికి సులువైన మందు కనిపెట్టారు: రిటర్న్ లైన్ కోసేయడం. నిజమైన మందు ట్యాంకును పంపుకంటే బాగా ఎత్తున, స్టాండు కట్టి పెట్టడం. నాలుగు ఇనుప స్తంభాల పని. ఆ మిల్లులో ట్యాంకు పైకెక్కించి, రిటర్న్ లైనుకు వేడి పోకుండా ఊలు చుట్టించాక ఊక మళ్లీ మిగలడం మొదలైంది. మీ ట్యాంకు ఎక్కడ ఉందో, దాని నీళ్లు చెయ్యి పెట్టగలిగేంత చల్లగా ఉన్నాయో లేదో ఈరోజే చూడండి.

ఇక సైజు. మీ మిల్లుకు సగటున గంటకు 2 టన్నుల పైచిలుకు ఆవిరి కావాలి. పాత 3 టన్నుల బాయిలర్ రొప్పుతూనైనా దాదాపు నిండుగా నడిచేది. 5 టన్నులది సగం లోడ్ కూడా లేకుండా నడుస్తోంది. "రేపు డ్రయర్ పెంచుతాం కదా" అని పెద్దది తీసుకుంటారు, అమ్మేవాళ్లు కూడా వద్దనరు. కానీ బాయిలర్ ఒంటి మీద నుంచి పోయే వేడి లోడ్ తగ్గిందని తగ్గదు. నిండు లోడ్ మీద 2 శాతం పోయేది సగం లోడ్ మీద 4 శాతం అవుతుంది. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌తో ఇంకో చిక్కు ఉంది. ఇసుక మంచం ఆడుతూ ఉండాలంటే కింద నుంచి కొంత గాలి తప్పనిసరిగా కొట్టాలి. ఊక తక్కువ వేసినా ఆ గాలిని అంతకంటే తగ్గించలేం. దాంతో అవసరానికి మించిన గాలి లోపలికి వచ్చి, వేడిని పట్టుకుని చిమ్నీ దారి పడుతుంది. బెడ్ చల్లబడి ఊక సగం కాలి ఎగిరిపోతుంది.

దీన్ని బూడిదలోనే చూడొచ్చు. సైక్లోన్ (పొగలోంచి బూడిదను వేరుచేసే డబ్బా) కింద పడ్డ బూడిద తెల్లగానో లేత బూడిదరంగులోనో ఉంటే పొయ్యి బాగా మండుతున్నట్టు. బొగ్గులా నల్లగా ఉంటే మీ ఊక డబ్బు అందులో ఉంది. చిమ్నీలో ఆక్సిజన్ కొలిచే పరికరం అద్దెకు దొరుకుతుంది, 6, 7 శాతం చూపిస్తే మంచిదే. నేను 13, 14 కూడా చూశాను. అలాంటి చోట అటెండెంట్ ఐడీ ఫ్యాన్ (పొగను చిమ్నీ వైపు లాగేది) డ్యాంపర్, అంటే గాలిదారి తలుపు, పూర్తిగా తెరిచి కూర్చుంటాడు. ఎందుకంటే పొగ ముందుకు తన్నకపోతే అతనికి కళ్లు మండవు. అతన్నీ అనలేం.

బాయిలర్ పెద్దదని ఇప్పుడు మార్చలేరు కాబట్టి, లోడ్‌ను సమంగా చేసుకోండి. నానబెట్టే ట్యాంకులన్నీ ఒకేసారి నింపి ఒకేసారి ఆవిరి తెరవొద్దు. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా టైము పెట్టుకుంటే బాయిలర్ ఒకసారి ఉరికి, ఒకసారి పడుకునే పరిస్థితి తగ్గుతుంది. రోజుకు 16 గంటలు నిండుగా నడిపి ఆపడం మంచిదా, 24 గంటలు నెమ్మదిగా నడపడం మంచిదా అనేది మీ హమాలీల లెక్కా, కరెంటు లెక్కా చూసుకుని మీరే తేల్చుకోవాలి. బాయిలర్ కోణంలో అడిగితే మొదటిదే నయం.

నీళ్ల సంగతి మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ పేరు పెట్టారంటే మన బోరు నీళ్లు ఎంత ఘనమైనవో తెలుస్తుంది. బాయిలర్‌కు మాత్రం ఫ్లోరైడ్ కంటే గట్టిదనం, ఉప్పు శత్రువులు. ట్యూబుల మీద ఒక మిల్లీమీటర్ పొలుసు కట్టినా ఊక 5 నుంచి 8 శాతం ఎక్కువ కాలుతుంది. పాత బాయిలర్ ఆ పొలుసుతోనే బతికింది కదా అంటారు. కొత్తదానికి ట్యూబులు ఎక్కువ, సన్నం, అది అంత ఓర్చుకోదు.

చాలామంది సేట్లు పడే పొరపాటు ఒకటుంది. సాఫ్ట్‌నర్ పెట్టాం, ఇక టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం ఉప్పు) గొడవ లేదు అనుకుంటారు. సాఫ్ట్‌నర్ గట్టిదనాన్ని తీసి ఆ చోట సోడియం పెడుతుంది, నీటిలో మొత్తం ఉప్పు తగ్గదు. అది తగ్గాలంటే ఆర్‌ఓ కావాలి, లేదా ఎక్కువ కండెన్సేట్ తిరిగి రావాలి. లెక్క చూడండి. బాయిలర్ లోపల టీడీఎస్ 3,500 దాటకూడదనుకుందాం. ఫీడ్ నీళ్లు 800 ఉంటే, వచ్చే ఆవిరిలో దాదాపు 30 శాతానికి సమానమైన వేడినీళ్లు బ్లోడౌన్‌లో వదలాలి. ఫీడ్ నీళ్లలో సగం తిరిగి వచ్చిన కండెన్సేటే అయి టీడీఎస్ 400కు దిగితే 13 శాతం చాలు. ఊక రూపంలో చూస్తే మొదటి దాంట్లో సుమారు 7 శాతం వేడి పోతుంది, రెండో దాంట్లో 3. ఒక్క రిటర్న్ పైపు రెండు వైపులా పనిచేస్తుంది, అందుకే దాని గురించి అంత సాగదీశాను. ఊక మిగులుతుంది కదా అని బ్లోడౌనే మానేయమని మాత్రం మీ మనిషికి చెప్పొద్దు. నీళ్లు నురగ కట్టి ఆవిరితోపాటు లైన్లోకి ఎగబాకుతాయి, తర్వాత ట్యూబులకే ముప్పు.

ప్రెషర్ ఎంత పెట్టారో మీరు రాయలేదు. పాతది 5 కిలోల మీద నడిచి, కొత్తది 10 మీద నడుస్తూ, లైన్లు మాత్రం పాతవే అయితే, కారే ప్రతి చోటా దాదాపు రెట్టింపు కారుతుంది. 7 కిలోల దగ్గర 3 మిల్లీమీటర్ల చిల్లు నుంచి గంటకు సుమారు పాతిక కిలోల ఆవిరి పోతుంది. అంటే గంటకు ఏడెనిమిది కిలోల ఊక, 20 గంటలకు సుమారు 150 కిలోలు. అది ఒక్క చిల్లు. చెడిపోయిన స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే బయటికి వదిలే వాల్వులు) ఇంతకంటే దొంగలు, ఎందుకంటే అవి కారేది పైపు లోపల, కంటికి కనబడదు. డ్రయర్ కాయిల్ నుంచి వచ్చే రిటర్న్ పైపులో నీళ్లకు బదులు ఆవిరే బుస్సుమని వస్తుంటే ట్రాపు పోయినట్టు. బాయిలర్‌ను దాని వర్కింగ్ ప్రెషర్ దగ్గరే నడిపి, వాడే చోట తగ్గించే వాల్వ్ పెట్టి 4, 5 కిలోలకు దించుకోవడం సరైన పద్ధతి.

ఇక మీరు దేనితో దేన్ని పోల్చారు? పాత లెక్క ఏప్రిల్, మే నాటిదని మీ మాటల్ని బట్టి అనుకుంటున్నాను, కొత్త లెక్క ఈ డిసెంబరుది. యాసంగి సీఎంఆర్ (ప్రభుత్వం వడ్లు ఇచ్చి మిల్లులతో పట్టించుకునే బియ్యం) సాగి సాగి చలికాలంలోకి రావడం మనకు కొత్తేం కాదు. మే మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిని డ్రయర్ కోసం 85కు తేవడానికి 43 డిగ్రీలు వేడి చేస్తే చాలు. డిసెంబరు తెల్లవారుజామున 16 డిగ్రీల గాలికి 69 డిగ్రీలు కావాలి. అదే గాలి, ఒకటిన్నర రెట్లకు పైగా వేడి. నీళ్లూ అంతే, వేసవి కంటే చల్లగా ట్యాంకులోకి వస్తాయి. ఊక బయట మంచులో తడిస్తే అది వేరే. వడ్ల తేమలో తేడా ఉంటే అది ఇంకో లెక్క. అందుకే రోజు లెక్క కాదు, టన్ను వడ్లకు ఎంత ఊక అని, అదే నెలకు అదే నెలతో పోల్చాలి. పాత బాయిలర్ డిసెంబరు పుస్తకాలు ఉంటే తీసి చూడండి. మీ టెన్షన్‌లో సగం అక్కడే తీరినా ఆశ్చర్యపోను.

మా మేనల్లుడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. వాళ్లకు ఇల్లు వెచ్చబెట్టడానికి గ్యాస్ బాయిలర్ ఉంటుంది. 2005 నుంచి అక్కడ కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే ఉండాలి. వాడూ పాతది తీసి 90 శాతం పైన ఉన్నది పెట్టించాడు, బిల్లు పెరిగింది, నాకు ఫోన్ చేశాడు. ఆ బాయిలర్ పొగలోని నీటి ఆవిరిని కూడా చల్లబరిచి ఆ వేడి లాగుతుంది. అలా జరగాలంటే ఇల్లంతా తిరిగి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. వీడు పోయే నీటిని 80 మీద పెట్టి కూర్చున్నాడు, తిరిగి వచ్చేవి 60 పైనే. ఇక పొగ ఎక్కడ చల్లబడుతుంది? పైగా పాతది ఉన్నప్పుడు ఒక్క హాలు వెచ్చబెట్టుకునేవాళ్లు, కొత్తది వచ్చాక పొద్దున్నుంచి రాత్రిదాకా అన్ని గదులూ. గ్యాస్ రేటు పెరగడం ఒకటి. బాయిలర్ పాపం ఏం చేస్తుంది!

మీ మిల్లులోనూ ఆ గదుల కథ నడుస్తుండొచ్చు. పాత బాయిలర్ ఉన్నప్పుడు ఆవిరి చాలక మనుషులు పొదుపుగా వాడేవాళ్లు. ఇప్పుడు కొరత లేదు కాబట్టి వాల్వ్ రెండు నిమిషాలు ఎక్కువ తెరిచి ఉంచుతారు, నానబెట్టే నీళ్లు 70 దగ్గర ఆపాల్సింది 80 దాటిస్తారు. బియ్యం రంగు ముందుకంటే ఎర్రబడిందేమో చూడండి, అది ఆవిరి ఎక్కువైన గుర్తు.

కరెంటు బిల్లుకు కారణం వెతకాల్సిన పని లేదు. ఫ్లూయిడైజ్డ్ బెడ్ కింద గాలి కొట్టే ఎఫ్‌డీ ఫ్యాన్, పెద్ద ఐడీ ఫ్యాన్, ఎక్కువ ప్రెషర్ ఫీడ్ పంపు, ఇవి పాతదానికి ఈ స్థాయిలో లేవు. అదనంగా 25 హెచ్‌పీ పెరిగిందనుకుంటే 20 గంటలకు సుమారు 370 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు వేసినా రోజుకు 2,600. బాయిలర్ కొనేటప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పరు, మనమూ అడగం. డ్యాంపర్ మూసి ఫ్యాన్‌ను ఊపిరాడకుండా చేసే బదులు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని తగ్గించే పరికరం) పెట్టండి. ఫ్యాన్ వేగం 80 శాతానికి తగ్గిస్తే అది తినే కరెంటు సగానికి దగ్గరగా పడిపోతుంది. మీ బాయిలర్ ఎలాగూ సగం లోడ్ మీదే ఉంది కాబట్టి ఈ ఖర్చు తొందరగానే తిరిగి వస్తుంది.

నేను మీ చోట ఉంటే ఈ వరసలో పోతాను: ఫీడ్ ట్యాంకు వేడి, రిటర్న్ లైన్, ట్రాపులు, బూడిద రంగు, డ్యాంపర్. ఇవన్నీ ఒక్క పూటలో చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎకనమైజర్ (చిమ్నీకి పోయే పొగ వేడితో ఫీడ్ నీళ్లు కాచేది) లాంటిది కొత్తగా తగిలించాలనుకుంటే మాత్రం బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అనుమతి లేకుండా ఎవరినీ వెల్డింగ్ ముట్టనీయకండి.

మీటర్ గురించి చివరి మాట. దుకాణంలో మామూలు నీళ్ల మీటర్ ఇస్తారు, అది 50 డిగ్రీలు దాటితే చెడిపోతుంది. వేడినీళ్ల మీటర్ అని అడిగి, 90 డిగ్రీలు తట్టుకుంటుందో లేదో పలక మీద చూసి తీసుకోండి. బాయిలర్ ప్రెషర్ తట్టుకునే మీటర్ ఖరీదెక్కువ కాబట్టి, ట్యాంకులోకి నీళ్లు వచ్చే వైపు రెండు మామూలు ప్రెషర్ మీటర్లు పెట్టుకున్నా పని జరుగుతుంది: ఒకటి బోరు నీళ్ల లైనుకు, ఒకటి కండెన్సేట్ రిటర్న్ లైనుకు. రెండూ కలిపితే బాయిలర్ తాగింది తెలుస్తుంది, రెండోది విడిగా చూస్తే ఎంత తిరిగి వస్తోందో తెలుస్తుంది. వారం రోజుల అంకెలు, ట్యాంకు వేడి, నడుస్తున్న ప్రెషర్ రాసి పెట్టండి, మిగతాది అప్పుడు చూద్దాం.